గార్డు మావయ్య కెమెరా గడియారం

రాయ్‌పూర్ రైల్వే కాలనీలో మా పక్కింటి మావయ్య రిటైరైన గూడ్సు గార్డు. ఏ మాట మొదలుపెట్టినా ముందు చేతి వాచీ చూసి టైము చెప్పేవారు.

"పదీ నలభై రెండు. మనవరాలి ఫొటోలు మళ్లీ కంప్యూటర్లోకి ఎక్కనేదు బాబూ. ఇంపోర్ట్ అయిపోనాదంటాది, దేఖో తో ఒక్కటీ కనిపించదు" అన్నారు ఓ ఆదివారం, కెమెరా కార్డు నా చేతిలో పెడుతూ.

కార్డు రీడర్ మార్చాను. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను. మూడు వారాలు బుర్ర బద్దలుకొట్టుకున్నాక అవి రెండువేల సంవత్సరం, జనవరి ఒకటి కింద దొరికాయి. వాడనప్పుడల్లా ఆయన కెమెరా బ్యాటరీ తీసి రుమాల్లో చుట్టి దాచేవారట. దాంతో కెమెరా గడియారం ప్రతిసారీ వెనక్కి, ఆ తేదీకే పోయేది. సాఫ్ట్‌వేరేమో తేదీని బట్టి సర్దేది.

ఆ ఏడాది కింద ఆయన భార్య, అత్తయ్య ఫొటోలు అప్పటికే ఉన్నాయి. పాత ఆల్బం నుంచి స్కాన్ చేసి, తీసిన ఏడాది వేసి పెట్టింది నేనే. మనవరాలు పుట్టకముందే పోయిన మనిషి ఆవిడ. తెర మీద ఇద్దరూ పక్కపక్కనే నవ్వుతున్నారు.

"తేదీలు సరిచేసేస్తాను మావయ్యా, నిమిషం పని" అన్నాను.

ఈసారి ఆయన వాచీ చూడలేదు. "ఒద్దు బాబూ, రహ్‌నే దో" అన్నారు.

ఇక బ్యాటరీ తీయొద్దని మరీ మరీ చెప్పి పంపాను. తలూపారు. నెల తిరక్కుండానే మళ్లీ వచ్చారు.

"నాలుగూ పది. ఫొటోలు ఎక్కనేదు బాబూ."

బ్యాటరీ రుమాల్లోనే ఉంది, కొత్త ఫొటోలు మళ్లీ అత్తయ్య పక్కనే ఉన్నాయి. మరిచిపోయారేమో అనుకుందామంటే, చేతి వాచీ ఒక్క నిమిషం కూడా తప్పలేదు.