మీటరు మీద బొట్టు

మా అన్న పాత పికప్ బండి కొన్ననాటి నుంచి దాన్ని పసిపిల్లను సాకినట్టు సాకాడు. ఆదివారం వస్తే బానెట్ ఎత్తి, బెల్టును బొటనవేలితో నొక్కి చూసేవాడు. బ్యాటరీ వైర్ల దగ్గర తెల్లగా పట్టిన ఉప్పును వేడినీళ్లతో కడిగేవాడు. బండికి కరెంటు పుట్టించేది డైనమోనే అని, అది పోతే ఎంత కొత్త బ్యాటరీ అయినా దండగేనని వదినకూ నాకూ పాఠం చెప్పేవాడు. బాపు పోయాక ఇంటికి తిండి పెట్టింది ఆ బండే కాబట్టి, చెవికెక్కకపోయినా వింటున్నట్టు ముఖం పెట్టేవాళ్లం.

ఆ ఏడు దసరాకు పుట్టింటికి వెళ్లాను. అన్న పొద్దున్నే పైపు పట్టి బండిని కడిగాడు, ఇంజనును కూడా వదల్లేదు. బండికి బొట్లు పెట్టడం ఆడపడుచుగా నా పని. చక్రాలకూ అద్దానికీ స్టీరింగుకూ పెట్టాక ఇంకా పసుపు మిగిలింది. మీటరు అద్దం మీద రూపాయి బిళ్లంత దట్టంగా అద్ది, నడుమ కుంకుమ దిద్దాను. ముచ్చటగా ఉందని నాకు నేనే మురిసిపోయాను. పండగనాటి బొట్టును మా ఇళ్లలో ఎవరూ తుడవరు. దానంతట అది రాలిపోవాల్సిందే.

పండగ అయిన వారానికే నాకు ఒడిబియ్యం పోశారు. మా ఆయన, అత్తమ్మ, మామయ్య వచ్చి, భోజనాలు చేసి, బట్టలు పెట్టించుకున్నారు. అందరం అన్న బండిలోనే మక్తల్ అవతల ఉన్న మా అత్తగారి ఊరికి బయల్దేరాం. మగవాళ్లు వెనకాల, అత్తమ్మా నేనూ ముందు. పుట్టింటివాళ్లు కొంగులో పోసిన బియ్యం ఒడిలో ఉండగా ఆడపిల్ల దారిలో బండి దిగకూడదని అమ్మ మరీ మరీ చెప్పి పంపింది.

రైలు గేటు పడింది. డీజిలు దండగని అన్న ఇంజను ఆపాడు. గేటు లేచాక తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. వెనక లారీలు హారన్లు మోగించడం మొదలుపెట్టాయి. మా ఆయనా మామయ్యా దిగి నెట్టారు. పట్టాల దగ్గర రోడ్డు ఎత్తు, బండి కదల్లేదు. చివరికి అత్తమ్మ కూడా కొత్త చీర కుచ్చిళ్లు దోపుకుని దిగి చెయ్యి వేసింది. నేనొక్కదాన్నే ఒడి నిండా బియ్యంతో దొరసానిలా లోపల కూర్చున్నాను. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏం పిలగా, ఆడివిల్లను తోలేటప్పుడన్న బండి జర సూసుకోవద్దా?" అన్నాడు మామయ్య, నలుగురూ వినేలా.

అన్న బెల్టు చూశాడు, గట్టిగానే ఉంది. మళ్లీ లోపలికొచ్చి తాళం తిప్పి, మీటరు మీదికి వంగి, నా బొట్టును గోటితో కొంచెం గీకాడు. దాని కింద ఎర్ర లైటు వెలుగుతోంది. ఇంజను నడిచేటప్పుడు కూడా ఆరకపోతే డైనమో పనిచేయడం లేదని చెప్పే లైటు అదే. ఎన్నాళ్ల నుంచి ఆరకుండా వెలుగుతోందో, పసుపు కుంకుమల కింద ఎవరికి కనిపిస్తుంది? అన్న నా వైపు చూశాడు. నేను నోరు తెరవబోతే, వద్దన్నట్టు తల ఊపాడు.

"డైనమో పోయింది మామా. నాదే తప్పు, సూసుకోలే," అన్నాడు కిందికి దిగి.

ఆ సాయంత్రం ఒక ట్రాక్టరు మా బండికి మోకు కట్టి మా అత్తగారి ఊరిదాకా లాక్కుపోయింది. ఊరి వాకిళ్లలో కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడి చూశారు. కొంగు కప్పుకుని కిందికి చూస్తూ కూర్చున్నాను.

తెల్లారి మక్తల్ నుంచి మెకానిక్ వచ్చాడు. అన్నా అతనూ కలిసి బెల్టు వదులు చేసి, పాత డైనమో దించి, మరొకటి బిగించారు. నీళ్లు పోయి లోపల మాడిపోయిందన్నాడు మెకానిక్. మామయ్య మంచం మీద కూర్చుని, చూడవచ్చిన ప్రతివాడికీ రైలు గేటు కథ మొదటి నుంచీ చెబుతున్నాడు. చాయ్ ఇవ్వబోయి ఇక ఆగలేకపోయాను.

"లైటు కానరాకుండ బొట్టు పెట్టింది నేను మామా. అన్నది తప్పు లేదు."

మామయ్య నవ్వాడు. "అయితే ఇంటిల్లిపాదీ గంతేనన్నట్టు."

అత్తమ్మ నవ్వలేదు. "పండుగ బొట్టు మీదికి నెట్టుతున్నవా?" అంది. అన్న నూనె చేతులు తుడుచుకుంటూ తల దించుకున్నాడు. వెళ్లేటప్పుడు బండి స్టార్ట్ చేసి, నాకు మాత్రమే వినిపించేలా అన్నాడు: "నువ్వు ఊకుండేది ఉండె చెల్లె. నా ఒక్కనితోని పొయ్యేది." అన్నను కాపాడబోయి, అమ్మనూ వదిననూ కూడా ఆ మాటలోకి లాగానని అప్పుడు అర్థమైంది.

మరుసటి దసరాకు పసుపు పళ్లెం పట్టుకుని బండి దగ్గర ఆగిపోయాను. అన్న తలుపు తీసి మీటరు అద్దం చూపించాడు. శుభ్రంగా తుడిచి పెట్టాడు.

"పెట్టు. లైటు కిందికి మార్పిచ్చిన. ఇగ నీకేం ఫికర్ లేదు."

హ్యాండ్‌బ్రేకు పక్కన, కింద, చిన్న ఎర్ర బల్బు కొత్తగా బిగించి ఉంది. మీటరు మీద మళ్లీ అద్దాను, బొట్టు వంకర పోయింది. ఇప్పటికీ ఆ బండి ఎక్కితే ముందు ఆ బల్బునే వెతుక్కుంటాను. తల వంచితే తప్ప అది కనబడదు.