మంచు బండిలో వెనక సీటు

పాము పగ పన్నెండేళ్ళంటారు. నాది అంతకు రెట్టింపు దాటింది, ఇంకా చల్లారలేదు. మా బావగారి మీద, అంటే మా ఆయన అన్నయ్య మీద, నాకున్న కోపం ఒక స్కూటరు దగ్గర మొదలై ఒక మంచు బండి దగ్గర తేలింది. మంచు బండి అంటే మంచు మీద నడిచే బండే, స్నోమొబైల్ అంటారు. ముందు చక్రాల బదులు రెండు పలకలుంటాయి, కింద రబ్బరు పట్టా తిరుగుతుంది. అమీర్‌పేట మనిషికి దానితో ఏం పని అని మీరు అడగొచ్చు. చెప్తాను, కానీ ముందు స్కూటరు సంగతి చెప్పాలి.

పెళ్ళయిన కొత్తలో మా కాపురం మధురానగర్లో, నా ఉద్యోగం పంజాగుట్టలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో. రోజూ అమీర్‌పేట దాకా నడిచి, అక్కడ బస్సులో వేలాడి వెళ్ళేదాన్ని. జీతంలో కొంచెం కొంచెం దాచుకుని ఒక గేర్లు లేని చిన్న స్కూటరు చూసుకున్నాను. షోరూములో దాని మీద కూర్చుంటే నా రెండు పాదాలూ నేలకి ఆనాయి. అంతకంటే నాకు ఇంకేం అక్కర్లేదు.

మా అత్తవారింట్లో ఒక ఆచారం ఉంది. ఏ బండి కొన్నా బావగారు నడిపి చూసి సరే అనాలి. ఆడవాళ్ళ పని ఆ తర్వాత మొదలవుతుంది: కొబ్బరికాయ కొట్టడం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం, ఆపైన వెనక ఎక్కి కూర్చోవడం. బావగారు ఫ్యాక్టరీలో ఇంజనీరు. షోరూముకి వచ్చారు, నేను చూసుకున్న స్కూటరు వేసుకుని సందు చివరిదాకా వెళ్ళొచ్చారు, తాళం బల్ల మీద పడేశారు.

"ఇది ఆటబొమ్మమ్మా. ఆడవాళ్ళు రంగు చూసి బండి కొంటారు" అన్నారు.

షోరూములో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. బావగారు గేర్ల బండి ఒకటి ఎంపిక చేశారు, ఇంటికి పనికొస్తుందని. నా డబ్బుతో కొన్న ఆ బండికి నేను స్టాండు కూడా వేయలేకపోయాను. ఒకసారి పట్టుదలకి పోయి తీశాను, సత్యం థియేటర్ సందు మలుపులో బండి నా కాలి మీద పడింది. మోకాలి దగ్గర మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత మా ఆయన దాని మీద ఆఫీసుకి వెళ్ళేవాడు, నేను మళ్ళీ బస్సుకి వెళ్ళేదాన్ని. ఆదివారాలు మాత్రం నా బండి మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని తిప్పేవాడు.

ఇక మా అక్క సంగతి. అక్కంటే తోడబుట్టినది కాదు, బావగారి భార్య, నా తోటికోడలు. రెండో కాన్పు తర్వాత ఆవిడకి నడుం పట్టేసేది. అయినా బావగారు ప్రతి ఏడూ స్కూటరు మీదే యాదగిరిగుట్టకి తీసుకెళ్ళేవారు. వాళ్ళ వెనకే మేము. ఉప్పల్ దగ్గరికి వచ్చేసరికి అక్క "ఏమండీ, కాసేపు ఆపుతారా, నడుం" అనేది. బావగారు వెనక్కి తిరక్కుండానే "ఇదిగో, వచ్చేశాం" అనేవారు. ఉప్పల్ ఎక్కడ, గుట్ట ఎక్కడ. మళ్ళీ ఘట్‌కేసర్లో అడిగేది, మళ్ళీ అదే మాట. గుట్ట కింద దిగాక అక్క నిటారుగా నిలబడడానికి ఎంతసేపు పట్టేదో నేను చూశాను. ఆవిడ ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఆవిడ అనని మాటలు కూడా కలిపి నేనే మనసులో అనుకునేదాన్ని.

కాలం మారింది. ట్రావెల్స్ ఆఫీసు మూతపడ్డాక నేనే పంజాగుట్టలో ఒక గది తీసుకుని టూర్లు మొదలుపెట్టాను. మా టూర్లకి వచ్చేది ఎక్కువగా యాభై దాటిన ఆడవాళ్ళు. కాశ్మీరు వెళ్ళినా వాళ్ళకి మధ్యాహ్నం పప్పుచారు కావాలి, అందుకని వంటమనిషిని వెంట తీసుకెళ్తాం. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒకటే. బస్సు మాట్లాడుకునేటప్పుడు నేను డ్రైవరు పక్కన కూర్చోను, చివరి వరసలో కూర్చుంటాను. టూర్లో గొడవలన్నీ చివరి వరసలోనే పుడతాయి. అక్కడ కూర్చున్నావిడకి నడుం బాగుంటే మిగతా బస్సంతా బాగున్నట్టే.

కాశ్మీరులో మేం దిగే హోటలాయన ఈ మధ్య ఒక మాట అన్నాడు. మంచు కాలంలో అక్కడ బళ్ళు దొరకడం కష్టంగా ఉంది, మీరే ఒక స్నోమొబైల్ కొనుక్కుంటే నా షెడ్డులో పెట్టుకోవచ్చు, నడపడానికి మా డ్రైవరు ఉన్నాడు, ఏది కొంటారో మీరే తేల్చుకోండి అని. ఇద్దరు కూర్చునే టూరింగ్ బండి కావాలి. ముందు వాళ్ళ డ్రైవరు, వెనక మా మనిషి. అంటే నన్ను నమ్మి వచ్చిన ప్రతి ఆడమనిషీ ఆ వెనక సీట్లోనే కూర్చుంటుంది. ఎంపిక నా చేతిలో ఉంది. నాకు చాలా సంతోషమేసింది, మా ఆయన నోరు తెరిచేదాకా.

"అన్నయ్యకి ఒక మాట చెప్దామా" అన్నాడు.

చెప్దామా కాదు, అప్పటికే చెప్పేశాడు. మర్నాడే బావగారు ఫోను చేశారు. "అమ్మాయ్, బండి ఎంపిక నాకు వదిలేయ్. నువ్వు పులిహోర సంగతి చూసుకో" అన్నారు. అలాగేనండీ అన్నాను. ఈసారి వదిలేస్తే నేను మనిషినే కాదని ఫోను పెట్టేశాక అనుకున్నాను. నా స్కూటరు పోయింది, నా మోకాలు పోయింది, ఇప్పుడు నా టూర్లకి వచ్చేవాళ్ళ నడుములు కూడా ఈయన చేతిలో పెట్టాలా.

అప్పటికే నేను రెండు బళ్ళ గురించి చదివి ఉన్నాను. ఒకదాని ఇంజను నెమ్మదైనది, చప్పుడు తక్కువ, పొగ తక్కువ. వెనక సీటు కాస్త ఎత్తుగా ఉంటుంది, వీపుకి ఆనుకోవడానికి దిండు ఉంటుంది, రెండు పక్కలా పట్టుకోవడానికి పిడులుంటాయి, చలిలో అవి వేడెక్కుతాయి కూడా. అదే నాకు నచ్చింది. రెండోదాని ఇంజను పెద్దది, ఒళ్ళు సన్నం. వెనక సీటంటే ముందు సీటుకి మిగిలిన ముక్క. ఆనుకోవడానికి ఏమీ లేదు, పట్టుకోవడానికి ఒక బెల్టు ముక్క ఉంది. బావగారు వారం తిరక్కుండా రెండోది ఖాయం చేశారు.

"ఇంజను అదిరిపోయింది. లీటరుకి ఎంతిస్తుందో కనుక్కో. సీటుదేముందమ్మా, కుషన్ వేయిస్తే సరి" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. "ఆ ఎరుపు కూడా భలే ఉంది."

ఆ మాట వినగానే నా కడుపు చల్లబడింది. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

కొలతలు రెండింటివీ నా దగ్గర ఉన్నాయి. ఎర్రగడ్డలో మా ఆఫీసు బల్లలు చేసిన వడ్రంగి దగ్గరికి వెళ్ళి, బావగారి బండి సీటు ఎంత పొడుగో, ఎంత వెడల్పో, ఎంత ఎత్తో, కాళ్ళు ఎక్కడ పెట్టాలో చెప్పి, అచ్చం అలాంటి చెక్క బండి చేయమన్నాను. కింద రెండు పాత స్కూటరు టైర్లు పడుకోబెట్టి వేయించాను, ముందువాళ్ళు కదిలితే వెనకవాళ్ళు ఎగిరేలాగా.

"గిదేంది మేడమ్, పిల్లలకా?" అన్నాడతను.

"పెద్దవాళ్ళకే."

"మస్తు ఊగుతది. వెనక కూసునేటోళ్ళు జర పైలం."

ఎంత ఊగితే అంత మంచిదన్నాను. నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, చెవి మీది పెన్సిలు తీసి కొలతలు రాసుకున్నాడు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. సరిగ్గా ఆ కార్తెలోనే ఒక మధ్యాహ్నం బావగారిని, అక్కని ఆఫీసుకి రమ్మన్నాను. బండి ఆర్డరు పెట్టే ముందు ఒకసారి చూసి సరే అనాలి కదా, ఇంటి ఆచారం అన్నాను. ఆచారం అనేసరికి ఆయన కాదనలేకపోయారు. గది మధ్యలో చెక్క బండి చూసి ఎక్కడ చేయించావని అడిగారు. చెప్పాను.

"ఎర్రగడ్డలోనా? చేయించాక నువ్వు కూడా అక్కడే చేరిపోవాల్సింది" అని, అక్కడి పిచ్చాసుపత్రిని తలుచుకుని ఆయనే నవ్వుకున్నారు. నేను కూడా నవ్వాను. ఆ రోజు నాకు ఎంత ఓపికో.

"మా పనిలో ఒక పద్ధతి ఉందండీ, బావగారూ. వెనక కూర్చుని చూడకుండా నేను ఏ బండీ మాట్లాడను. మీరు ఎంచుకున్న బండి కాబట్టి మీరే కూర్చోవాలి" అన్నాను. మంచులో వేసుకునే దళసరి కోటు, చేతి తొడుగులు, హెల్మెట్ ఇచ్చాను. మరీ ఇవెందుకన్నారు. అతిథి అవన్నీ వేసుకునే కూర్చుంటుంది కదండీ, కోటు మందం వల్ల సీటు ఎంత చాలుతుందో తెలియాలి కదా అన్నాను. ఇంజనీరు కదా, కొలతల మాటకి ఎదురు చెప్పలేక వేసుకున్నారు. ఏసీ వేయమన్నారు. రిమోట్ కోసం బల్ల మీద, సొరుగులో, కుర్చీల కింద వెతికాను. నా హ్యాండ్‌బ్యాగులో ఉన్న వస్తువు అక్కడెక్కడ దొరుకుతుంది?

నేను ముందు కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి మా బావగారు నా వెనక కూర్చున్నారు. లేచి కూర్చున్నాను, మళ్ళీ లేచి కూర్చున్నాను. కింద టైర్లు అణిగినప్పుడల్లా వెనక ఆయన ఎగిరి పడుతున్నారు. పట్టుకోవడానికి ఆ బెల్టు ముక్క తప్ప ఏమీ లేదు. అది నా నడుం వెనక ఉంది, వంగితే గాని అందదు. వంగితే నడుం లాగుతుంది. నాకంతా తెలుసు, కొలతలు ఇచ్చింది నేనే కదా.

"కాస్త మెల్లగానమ్మా" అన్నారు.

"ఇంజను అదిరిపోయిందన్నారు కదండీ. మగవాళ్ళు కూడా రంగు చూసి కొంటారని నాకు ఇప్పుడే తెలిసింది" అన్నాను. ఎన్నేళ్ళుగానో నోట్లో దాచుకున్న మాట. తియ్యగా ఉంది. మూలన నిలబడ్డ మా ఆయన గోడ మీద క్యాలెండరు కేసి చూస్తున్నాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే తర్వాతి వంతు అతనిదే.

కాసేపటికి బావగారి హెల్మెట్ అద్దం లోపల ఆవిరి పట్టింది. "సరేలేమ్మా, నువ్వు చెప్పిందే కొనుక్కో. ఆపు, దిగుతాను" అన్నారు. నేను గెలిచాను. ఆపి దిగాను కూడా. కోరుకున్నది అంతే కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

అప్పటిదాకా కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్న అక్క గ్లాసు కింద పెట్టింది. నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా లేచింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది. వచ్చి నేను ఖాళీ చేసిన ముందు సీట్లో కూర్చుంది. అటొక కాలు, ఇటొక కాలు వేసి, హ్యాండిలు పట్టుకుంది. ఆవిడ బండి మీద అలా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. అంతకాలం ఒక పక్కకే కూర్చున్న మనిషి.

"నువ్వెందుకు ఎక్కావే? నేను దిగుతున్నాను" అన్నారు బావగారు.

అక్క ఒక్కసారి పైకి లేచి బలంగా కూర్చుంది. దిగడానికి ఎత్తిన ఆయన కాలు మళ్ళీ లోపలికే పడింది. ఇంకోసారి లేచి కూర్చుంది. ఆ నడుంతో అంత బలం ఎక్కడ దాచుకుందో నాకు తెలియదు.

"కాసేపు ఆపవే, నడుం" అన్నారు ఆయన.

అక్క వెనక్కి తిరగలేదు. ఎదురుగా ఉన్న కిటికీలోంచి మెట్రో లైను కేసి చూస్తూ, "ఇదిగో, వచ్చేశామండీ" అంది.

నేను ఇన్నేళ్ళూ మోసింది ఒక స్కూటరు మీద కోపం. ఆవిడ మోసింది ఏమిటో ఆ ఒక్క మాటలో తెలిసింది. బావగారికి కూడా తెలిసినట్టుంది, మళ్ళీ ఆపమనలేదు. బెల్టు ముక్క కోసం వంగి, అందాక దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. మా ఆయన నా దగ్గరికి వచ్చి, పాపం చెమటలు పట్టేస్తున్నాయి, ఏసీ అయినా వేయవే అని గుసగుసలాడాడు.

"వాళ్ళింకా ఉప్పల్ కూడా దాటలేదు" అన్నాను. అక్క ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుని, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, జిప్పు చివరిదాకా లాగాను.