నా గుండెదడ, కోడలు పెట్టిన మునగాకు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కచెల్లెళ్లారా, మడికొండ దగ్గరి మా సంఘంలో నేను ఒకనాడు నిలబడి సాక్ష్యం చెప్పాను. మీలో చాలామంది దాన్ని విన్నారు, విననివాళ్లకు విన్నవాళ్లు చెప్పారు. ఆ సాక్ష్యం అబద్ధం. ఈ మాట రాయడానికే ఈ పత్రికలో చోటు అడిగాను.

యుద్ధం నడుస్తున్న రోజులవి. నాకు యాభై దాటాయి, భర్త ప్రభువు దగ్గరికి వెళ్లి చాలా కాలమైంది, కొడుకు దావీదు బట్టల మిల్లు పనికి వరంగల్లు పోయేవాడు, పగలంతా ఇంట్లో నేను, కోడలు ఎస్తేరు. నాట్లకు వంగినప్పుడు మొదలైంది నాకు గుండెదడ. మొదట వారానికొకసారి, తర్వాత రోజూ, ఆ తర్వాత నీళ్లబిందె ఎత్తినా చాలు, గుండె చేతిలో పట్టిన పిట్టలాగా కొట్టుకునేది, చెవుల్లో దాని చప్పుడే తప్ప ఇంకేమీ వినబడేది కాదు. హకీం లేహ్యం ఇచ్చాడు, నాటువైద్యుడు వాతం అన్నాడు, ఒకరు చెప్పిన పేరు ఇంకొకరు చెప్పలేదు. రోగానికి పేరు లేకపోవడం రోగం కంటే పెద్ద బాధ, సహోదరులారా.

అప్పుడు మా పక్కింటి మల్లమ్మ ఒక పేరు చెప్పింది. "వదినె, నీకెవరో మందు పెట్టిండ్రు. బయటోళ్లు పెట్టరు, కూడు పెట్టే చెయ్యే పెడ్తది," అంది.

నేను ఆ రోజు నుంచి ఎస్తేరు చేతులు చూడడం మొదలుపెట్టాను. ఏదో పచ్చటి ఆకు నూరి పప్పులో కలుపుతోంది, అదీ నా గిన్నెలోనే.

"ఏందే అది?" అని అడిగాను.

"మునగాకు అత్తమ్మా. నీ మొకం పాలిపోయింది. మా బోర్డింగు బళ్లె నీరసమున్న పిల్లలకు ఇదే పెడ్తుండిరి. ఆకు కనవడితే నువ్వు పక్కకు పెడ్తవని జర నూరి కలుపుతాన."

నిజమే చెప్పింది. నేను నమ్మలేదు. మోకాళ్ల మీద పడి, "ప్రభువా, నాకు మందు పెట్టిన చెయ్యి ఎండిపోనీ, నలుగురూ చూడనీ," అని ప్రార్థన చేశాను. ఆ ప్రార్థనను దేవుడు వినకుండా విడిచిపెట్టాడు. నా జీవితంలో ఆయన చేసిన మొదటి మేలు అదే.

తర్వాత ఎవరికీ చెప్పకుండా మల్లమ్మను వెంటబెట్టుకుని మందు కక్కించేవాడి దగ్గరికి పోయాను. ప్రభువు బల్లలో రొట్టె తీసుకునే నేను అక్కడికి పోయాను. వాడు ఏదో కషాయం తాగించాడు, పేగులు తెగేటట్టు కక్కుకున్నాను, పళ్లెంలో పచ్చటి ముద్ద ఒకటి చూపించి, "సూసినవా అవ్వా? నీ కోడలు వంట మంచిగనే నేర్చింది," అని నవ్వాడు. కోడలని నేను వాడికి చెప్పలేదు. అయినా నమ్మాను. అది పొద్దున ఆమె పెట్టిన ఆకే అని అప్పుడు తోచలేదు.

మూడు రోజులు ఒళ్లు తేలికగా ఉన్నట్టనిపించింది. ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, నా ఇంట్లోనే నాకు మందు పెట్టారనీ, ప్రభువు నన్ను విడిపించాడనీ సాక్ష్యం చెప్పాను. కక్కించేవాడి మాట ఎత్తలేదు. ఎస్తేరు పేరూ ఎత్తలేదు, కానీ ఆమె కూర్చున్న చాప వైపు చూశాను. అందరూ అటే చూశారు. ఆ చాప మీది ఆడవాళ్లు ఒక్కొక్కరే పక్కకు జరిగారు. అప్పటికి ఆమెకు మూడో నెల.

మర్నాడు ఆమె అన్న వచ్చి ఆమెను పుట్టిల్లు కేసముద్రం తీసుకుపోయాడు. బండెక్కుతూ ఆమె నాతో అన్నది ఒక్కటే మాట: "అత్తమ్మా, చెట్టుకు ఆకు లేతగున్నది. ఎవలతోనన్న తెంపిచ్చుకో."

పది రోజులకు దడ తిరిగి వచ్చింది. ఎవరికి చెప్పను? విడుదలైందని నలుగురిలో చాటినదాన్ని. ఎవరు పలకరించినా, "దేవుని దయ, మంచిగున్న," అంటూ రొమ్మును చేత్తో అదుముకునేదాన్ని. అలా నెలలు గడిచాయి. వేసవి కోతల్లో ఒకనాడు మోపు ఎత్తబోయి పొలంలోనే పడిపోతే, దావీదు బండి కట్టి హనుమకొండ మిషన్ దవాఖానకు తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరమ్మ నా కనురెప్ప కిందికి లాగి చూసింది, గోళ్లు చూసింది, గొట్టం పెట్టి చాలాసేపు విన్నది, వేలు పొడిచి నెత్తురు చుక్క గాజుపలక మీద తీసుకుంది.

"నీ గుండె మంచిదే అమ్మా. ఒంట్ల నెత్తురే లేదు. ఉన్న జర నెత్తురును ఒళ్లంత తిప్పలేక అది ఉరుకుతాంది," అంది. వట్టికాళ్లతో పొలాల్లో తిరిగేవాళ్లకు పాదాల్లోంచి సన్నటి పురుగులు ఎక్కి కడుపులో చేరి నెత్తురు తాగుతాయని చెప్పింది. "మందు ఇస్త, పురుగులు పోతయి. కాళ్లకు చెప్పులు తొడుక్కో. ఆకుకూరలు తిను. మీ ఇంటికాడ మునగచెట్టు ఉన్నదా?"

నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. "సూదేం లేదమ్మా, ఫికర్ చెయ్యకు," అని, నేను సూదికి భయపడ్డాననుకుని డాక్టరమ్మ నా వీపు నిమిరింది.

దావీదు ఆ వారమే కేసముద్రం పోయి వచ్చాడు. ఆడపిల్ల పుట్టిందని చెప్పాడు. "అత్తమ్మ నోటితోని అన్నది, అత్తమ్మనే వచ్చి పిలవాలె అంటాంది ఎస్తేరు," అని చెప్పాడు. వియ్యాలవారి వాకిట్లో నిలబడి తప్పు ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. అక్షరాలు నేర్చుకుని నా చేత్తోనే జాబు రాస్తానన్నాను. సంఘంలో ఆడవాళ్లకు వాక్యం బోధించే బైబిలు స్త్రీ దగ్గర పలక పట్టాను. ఈ వయసులో చదువు నేర్చిందని మీరందరూ నన్ను మెచ్చుకున్నారు. మెచ్చుకోకండి. అది సగం చదువు, సగం గర్వం. ఆ కోత నుంచి మరుసటి ఏడాది కోత దాకా పట్టింది నాకు నాలుగు వాక్యాలు రాయడానికి: "ఎస్తేరూ, నువ్వు పెట్టింది మందు కాదు. నేను అబద్ధం చెప్పిన. నా దడ తగ్గింది. ఇంటికి రా."

వారంలోనే వచ్చింది. పిల్ల బండి దిగి నడుచుకుంటూ వచ్చింది. పుట్టింది చూడలేదు, పాకింది చూడలేదు, నడక వచ్చాక చూశాను.

"జాబెందుకు అత్తమ్మా? నువ్వొస్తే నేను ఆ పొద్దే బండెక్కుదును," అంది ఎస్తేరు.

నాకు దడ లేదు, బిందె ఎత్తుతున్నాను, పొలం పోతున్నాను, దేవునికే మహిమ. కానీ ఎస్తేరు నాకు అన్నం పెట్టేటప్పుడు, నా పళ్లెంలోంచి ముందు ఒక ముద్ద తీసి తాను తిని, ఆ తర్వాతే పళ్లెం నా ముందు పెడుతుంది. వద్దన్నా మానదు. మొన్న మనుమరాలు బెల్లంముక్క తెచ్చి, ముందు తాను కొరికి, మింగి, నోరు తెరిచి చూపించి, ఆ తర్వాత నాకిచ్చింది. అది మా ఇంటి మర్యాద అనుకుంటోంది ఆ పిల్ల.

పోయిన కోతపండుగ విందుకు ఎస్తేరు పప్పు వండి తెచ్చింది. కుండ నిండుగానే ఇంటికి తిరిగి వచ్చింది. మీ తప్పు కాదు, నా మొదటి సాక్ష్యం ఇంకా మీలో తిరుగుతోంది. ఆ రోజే నేను లేచి నిలబడవలసింది, నిలబడలేదు.

అందుకే ఈ రెండో సాక్ష్యం. విన్నవాళ్లు విననివాళ్లకు చెప్పండి. దడ ఉన్నవాళ్లు ప్రార్థన చేసుకుని దవాఖానకు పోండి, ఇంటి మనిషి చేతిని అనుమానించకండి. నా చెడ్డ ప్రార్థనను తోసివేసి ఆ చేతిని కాపాడిన దేవుణ్ణి నమ్ముకోండి. వచ్చే కోతపండుగకు ఎస్తేరు మళ్లీ మునగాకు పప్పు వండుతుంది. ఆ కుండ దగ్గర ముందు నేను కూర్చుని తింటాను. తర్వాత మీరందరూ రండి.