తన్నని తుపాకి

పోయిన మంగళవారం నా పాత తుపాకిని నా పేరుమీది లైసెన్సు పత్రంలోంచి తీయించడానికి ఆయుధాల ఆఫీసులో టెర్మిన్, అంటే ముందుగా కేటాయించే వేళ, దొరికింది. ఎదుట కూర్చున్న ఉద్యోగిని, మా మనవరాలికన్నా పదేళ్లు పెద్దదై ఉంటుందేమో, కంప్యూటర్ మీదనుంచి కళ్లెత్తకుండానే "వయసు వల్లనా?" అని అడిగింది. జర్మన్ భాషలో దానికి ఒక్కటే మాట ఉంది. ఆ మాటలో మనిషిని మడిచి సొరుగులో పెట్టేయవచ్చు. అవునని తలూపి, సంతకం చేసి బయటికి వచ్చాను గాని, ఫ్రైబర్గ్ పాతవీధుల రాళ్లమీద నడిచినంతసేపూ ఒళ్లు మండుతూనే ఉంది. ముప్పై ఏళ్లుగా పేల్చిన ప్రతి తూటానూ తేదీ, వేళ, గాలి వాలు, దూరంతో సహా పుస్తకాల్లో రాసిపెట్టుకున్న మనిషిని. నా సంగతిని ఎవరో ఒక్క మాటతో ముగిస్తే ఎలా ఒప్పుకుంటాను? కాబట్టి నా ఈడువారైన మీకు, భుజాల నొప్పులు తెలిసిన మీకు, ఆ సంగతి సక్రమంగా విన్నవించుకుంటున్నాను.

కొత్తగూడెం బొగ్గుగనుల్లో చిన్న ఇంజనీరుగా ఉంటూ, రెండు జర్మనీలు ఒకటైన కొత్తలో పైచదువుకని ఈ గనుల ఊరికి వచ్చాను. తవ్వడం నేర్చుకుందామని వచ్చినవాణ్ణి, ఇక్కడి గనులను మూసే పనిలోనే ఉద్యోగమంతా గడిపాను. వేట కూడా ఇక్కడే నేర్చాను. ఈ దేశంలో వేటాడాలంటే నెలల తరబడి తరగతులకు వెళ్లి, జంతువుల జబ్బుల దగ్గర్నుంచి చెట్ల పేర్లదాకా చదివి పరీక్ష గట్టెక్కాలి. పగలంతా భూగర్భంలో గడిపినవాడికి ఆ వంకతో దొరికిన అడవి ఎలాంటిదో ఏమని చెప్పను! ఇప్పటికీ కళ్లు మూసుకుంటే, స్ప్రూస్ చెట్ల నడుమ పొగమంచు నెమ్మదిగా జరిగిరావడం, మంచెమీద కూర్చున్న నా మోకాళ్లపై అది తడిగా వాలడం, ఎక్కడో ఒక కొమ్మ విరిగిన చప్పుడుకు అడవి మొత్తం చెవి రిక్కించడం, కలలోలాగ ఒకదాని వెనుక ఒకటి వస్తాయి.

తుపాకి తన్నుతుందన్న భయంతో ముందే ఉలిక్కిపడి కన్ను మూయడాన్ని ఇక్కడి వేటగాళ్లు "ముక్కెన్" అంటారు. అది తెలియని మొదటి వారంలో, మా శిక్షకుడు వెనకనుంచి ముక్కెన్ వద్దు, ముక్కెన్ వద్దు అని అరుస్తుంటే, నా తెలుగు చెవికి అది ముక్కుగానే వినిపించి, ముక్కు తుపాకికి మరీ దగ్గరగా ఉందేమోనని మెడ నిక్కించి నిక్కించి పేల్చాను. ఆనాడు ఒక్క తూటా కూడా గురి అట్టకు తగలలేదు. ఇంటికి వచ్చి అద్దం ముందు స్కేలుతో ముక్కు కొలుచుకుంటుంటే మా ఆవిడ తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"తుపాకి భుజానికి వెట్టుకుంటరా, ముక్కుకు వెట్టుకుంటరా? తెల్వకపోతె అడగొచ్చు గద! అడుగుడంటె మీకు నామోషీ, గంతే."

మా అమ్మాయి ఇక్కడి అబ్బాయిని పెళ్లాడింది. ఆ అబ్బాయి తండ్రి, మా వియ్యంకుడు, గనుల్లో నీళ్లు తోడే పంపులు నడిపి రిటైరైన మనిషి. పిల్లనిచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలో జర్మన్ల వాడుకలో లేదు. అందుకని పెళ్లినాడే ఆయనకు "బావగారు" అన్న పిలుపు నేర్పాను. ఇక్కడి భాషలో రైతును బావర్ అంటారు, చివరి అక్షరాన్ని సగం మింగేస్తారు. తన తాత రైతే కనుక తనకేమీ అభ్యంతరం లేదన్నాడాయన. అప్పటినుంచి ఇద్దరం ఒకే అడవిని కౌలుకు తీసుకుని వేటాడుతున్నాం. ఎంత చనువున్నా నేను ఆడపిల్ల తండ్రిని. మగపెళ్లివారు వేలెత్తి చూపకుండా మసలుకోవాలన్న జాగ్రత్త, ఈ దేశంలో ఎవరూ అడగకపోయినా, నా ఒంట్లోనే ఉంది.

కిందటేడాది కాక ముందటేడు నా కుడిభుజానికి ఆపరేషన్ అయింది. నా తుపాకి అడవిపందిని నిలువునా పడగొట్టగలది; పేలిన ప్రతిసారీ గాడిదలా తన్నేది. డాక్టరు అనుమతిచ్చాక మళ్లీ మంచె ఎక్కాను గాని, ఆ శరదృతువులో నా తూటాలు గురికన్నా కిందికి పోసాగాయి. పుస్తకంలో గాలి అని రాశాను. మరోనాడు తూటాల రకం మార్చాలి అని రాశాను. తుపాకిమీద బిగించిన దుర్భిణి మరలు వదులయ్యాయని కూడా రాశాను. ఆ తరువాత ఒక సాయంత్రం ఒక చిన్నజింకను కడుపులో కొట్టాను. అది పడలేదు, వీపు వంచుకుని, నడుచుకుంటూ పొదల్లోకి వెళ్లింది. తెల్లవారాక వాసన పట్టే కుక్కతో వచ్చిన వేటగాడు దాన్ని వెతికి పట్టేసరికి ఇంకా బతికే ఉంది. ఆనాటి పుటలో అంతకన్నా రాయలేకపోయాను, ఇప్పుడూ రాయలేను. ఒక్క దెబ్బతో పడగొట్టలేనివాడికి మంచె ఎక్కే హక్కు లేదన్నది నేను మొదటినుంచీ పెట్టుకున్న నియమం. ఆ నియమం ప్రకారం నేను ఆ ఉదయమే అడవికి దండం పెట్టి దిగిపోవలసింది.

 వారం తరువాత వియ్యంకుడు నన్ను ఊరి బయట, నాలుగు గోడల మధ్య ఉన్న షూటింగ్ శాలకు తీసుకువెళ్లి, ఈసారి తూటాలు తాను నింపుతాననీ, నన్ను పేల్చడం మాత్రమే చేయమనీ అన్నాడు. మూడుసార్లు పేలింది. నాలుగోసారి ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమన్న చిన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మందులేని ఉత్త తూటా పెట్టాడాయన. కాని తుపాకి గొట్టం చేపను చూసిన కొంగలా కిందికి పొడిచింది, భుజం ముందుకు ఎగిరింది, నా రెండు కళ్లూ గట్టిగా మూసుకుని ఉన్నాయి.

"గాలి బాగా వీస్తోంది, బావగారూ," అన్నాడు ఆ నాలుగు గోడల మధ్య.

"మీరు నన్ను మోసం చేశారు," అన్నాను.

"చేశాను. ఆ తుపాకి మిమ్మల్ని ముప్పై ఏళ్లుగా తన్నుతోంది. నేను ఒక్కసారే తన్నాను."

 మగపెళ్లివారు నా ముఖాన తప్పు పట్టారు, అదీ నిజమైన తప్పు! ఇంట్లో అన్నం ముందు ముడుచుకుని కూర్చుంటే మా ఆవిడ కడుపుబ్బ నవ్వింది.

"అలుగుడు మగపెండ్లోళ్ల పని గదా, మీరెందుకు అలుగుతున్నరు? ఆయన చెప్పింది అబద్ధమైతె అలుగుండ్రి."

అబద్ధం కాదు. ఏ పుటలోనూ నేను రాయని నిజం అదొక్కటే. అందుకని ఆ చలికాలమంతా తన్ను తక్కువున్న తుపాకి కోసం వెతికాను. మూడు దుకాణాల్లోనూ నా నెరిసిన తలను చూడగానే అన్నిటికన్నా తేలికైన తుపాకినే తెచ్చి చేతిలో పెట్టారు, పెద్దాయన మోయలేడని. ఇదేం తెలివి! తూటా ఒకటే అయినప్పుడు, తుపాకి ఎంత తేలికైతే అంత గట్టిగా తన్నుతుందన్నది బడిపిల్లలకు తెలిసిన సంగతి. ముసలివాడు బరువు మోసేది మంచెదాకా పావుగంట నడకలో. తన్ను తినేది మాత్రం గురి చూసే ఆ క్షణంలో. కాగితం తీసి గీత గీసి చూపిస్తే మూడో దుకాణదారు టోపీ సర్దుకుని, లోపలినుంచి బరువైన తుపాకిని తెచ్చాడు. ఆరున్నర మిల్లీమీటర్ల గొట్టం. అంతకన్నా సన్నమైతే అడవిపందిని కొట్టడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదు. కొసకు సైలెన్సర్ బిగించారు, భుజానికి ఆనే చోట మెత్తని రబ్బరు వేశారు, నా మెడ పొట్టిది కనుక వెనుక చెక్కను రెండు వేళ్ల వెడల్పు కోశారు. వసంతమంతా వియ్యంకుడు చెప్పాపెట్టకుండా ఉత్త తూటాలు కలిపి నింపుతూనే ఉన్నాడు, నేను పేలుస్తూనే ఉన్నాను, గొట్టం కదలడం మానేసేదాకా.

మళ్లీ శరదృతువు వచ్చింది. ఒక ఉదయం పొగమంచు గడ్డిమీదికి దిగాక, ముసలి ఆడజింక ఒకటి ఒంటరిగా బయటికి వచ్చి, ఎడమపక్కకు తిరిగి నిలబడింది. ఊపిరి సగం వదిలి నొక్కాను.

నేను లెక్కవేయనిది అప్పుడు జరిగింది. పాత తుపాకి పేలితే దుర్భిణి ఆకాశంలోకి ఎగిరిపోయేది. మళ్లీ కిందికి దింపేసరికి జంతువు పడిపోయి ఉండేది. ముప్పై ఏళ్లలో నేను కొట్టిన ఏ ప్రాణీ పడటాన్ని నేను చూడలేదు. ఈసారి దుర్భిణి కదలలేదు. పక్కటెముకల మీద వెంట్రుకలు చెదరడం చూశాను. ముందుకాళ్లు, కూర్చుందామనుకున్నట్టు, మెల్లగా మడతపడటం చూశాను. అది పడిపోయాక కూడా, అంతకు ముందు క్షణం వదిలిన ఊపిరి ఆవిరై, దాని ముఖం ఉన్న ఎత్తులోనే కొంచెంసేపు గాలిలో నిలిచి ఉంది.

వియ్యంకుడు అవతలి మంచె దిగి గడ్డిలో నడుచుకుంటూ వచ్చి, భుజం ఎలా ఉందని అడిగాడు. ఏమీ తెలియలేదన్నాను. ఆయన సంతోషించాడు.

ఇప్పటికీ వెళుతున్నాను, మునుపటికన్నా తక్కువ. అడవి అదే, పొగమంచు అదే, మంచె మెట్లు మాత్రం ఒకటి రెండు ఎక్కువైనట్టుంటాయి. గురి కుదిరాక కూడా వేలు ట్రిగ్గర్ మీదికి పోనివ్వకుండా చాలాసేపు చూస్తూ కూర్చుంటాను. తప్పుతుందన్న భయం లేదు. ఇకమీదట చివరిదాకా చూడవలసి ఉంటుంది, అంతే.