ప్రకాశం బావగారు నిద్రలోనే వెళ్ళిపోయారు

నిన్న మధ్యాహ్నం మూడింటికి అక్క ఫోన్ చేసింది.

"ఒరే దానియేలూ, మీ బావ పోయార్రా."

మా చేపల చెరువు గట్టు మీదున్నాను. నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎలా అక్కా?"

"అన్నం తిని పడుకున్నారు. టీకి లేపితే లేవలేదు. డాక్టర్ గారొచ్చి చూసి, గుండె ఆగిపోయిందన్నారు."

అప్పుడు ఏడుపొచ్చింది.
ఏడుస్తూనే, దేవా నీకు స్తోత్రం అనుకున్నాను.

ఇలా రాస్తే తప్పుగా అనుకుంటారేమో. బావగారిని దగ్గరగా చూసినవాళ్ళకి అర్థమవుతుంది. ఆయన ప్రాణం ఆయనే తీసుకుంటారేమోనని పదేళ్ళుగా మాకు భయం. ఫోన్లో అక్క పేరు కనపడితే చాలు, ఆ కబురేనేమో అనుకునేవాణ్ణి.

నేను పెద్దగా చదువుకోలేదు. చెరువు లెక్కలు రోజూ పుస్తకంలో రాసుకోవడం తప్ప వేరే రాత రాదు. తెలిసినట్టు రాస్తున్నాను.

బావగారు ఆర్మీలో హవల్దార్. సరిహద్దు కొండల్లో ఒక పేలుడులో ఆయన పక్కనున్న ఇద్దరు జవాన్లు పోయారు. ఆయన ఒంటి మీద గీత కూడా పడలేదు.

రిటైరై తాడేపల్లిగూడెం వచ్చేశాక, ఆ గీత పడకపోవడమే ఆయన్ని తినేసింది.

నిద్ర లేదు. మాట లేదు. క్రిస్మస్‌కి చర్చికి కూడా వచ్చేవారు కాదు, బయట టపాకాయలు కాలుస్తారని.

అది తెలిసి కూడా నేనొక తెలివితక్కువ పని చేశాను.

"మా చెరువు దగ్గర నాలుగు రోజులుండండి బావగారూ, ప్రశాంతంగా ఉంటుంది" అని కొల్లేరు పక్కన, గుండుగొలను దగ్గరున్న మా చేపల చెరువుకి తీసుకొచ్చాను.

ఒక్కటే మర్చిపోయాను. నీటికాకులు చేపల్ని ఎత్తుకుపోకుండా మా వైపు పొద్దున్నే బాంబులు పేలుస్తాం. రోజూ వినే చప్పుడు కదా, మా చెవులకి ఆనదు.

మర్నాడు ఉదయం పక్క చెరువు వాళ్ళు పేల్చారు.

మరుక్షణం నేను బురదలో బోర్లా ఉన్నాను. బావగారు నా మీద పడుకుని, రెండు చేతులతో నా తల కప్పేశారు. "లేవకు, లేవకు" అంటున్నారు. ఆయన గుండె కొట్టుకోవడం నా వీపుకి తెలుస్తోంది.

లేచాక ఆయన నా మొహం చూళ్ళేదు.

వారం తిరక్కుండా మెడల్స్, పెన్షన్ కాగితాలు ఒక సంచిలో పెట్టి నా చేతికిచ్చారు. "మీ అక్కని చూసుకోరా" అన్నారు.

ఆ పూటే ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

డిప్రెషన్ అన్నారు, ట్రామా అన్నారు. మందులిచ్చారు. కాస్త కుదుటపడ్డాక మైండ్‌ఫుల్‌నెస్ క్లాసులో చేర్చారు. ఎనిమిది వారాలు, ప్రతి శనివారం. అక్క ఆయన్ని తాడేపల్లిగూడెంలో రైలెక్కించేది, నేను భీమడోలులో అదే పెట్టెలోకి ఎక్కేవాణ్ణి.

మొదటి రోజు కౌన్సిలరమ్మ ఒక్కొక్కరి చేతిలో ఒక్క కిస్మిస్ పెట్టి, మెల్లగా, రుచి గమనిస్తూ తినమంది.

"అమ్మా, ఇంతసేపట్లో మా మెస్‌లో భోంచేసి కంచాలు కూడా కడిగేసేవాళ్ళం. మారు వడ్డిస్తారా?" అన్నారు బావగారు.

అందరూ నవ్వారు. ఊరొచ్చాక ఆయన నోట జోకు వినడం నాకదే మొదలు.

కళ్ళు మూసుకోమంటే మాత్రం ఆయన వల్ల కాలేదు. ఆవిడ బలవంతం చెయ్యలేదు. "తెరిచే ఉంచండి సార్. పాదాలు నేలకి ఆనడం గమనించండి, చాలు" అంది.

జ్ఞాపకం వస్తే తోసెయ్యొద్దు. వచ్చిందని చూడండి. మళ్ళీ ఊపిరి దగ్గరికి రండి.

అదే నేర్పింది. ఇంట్లో అక్క కూడా రోజూ పక్కన కూర్చునేది.

నాకు నమ్మకం లేదు. ఊపిరి చూసుకుంటే మనిషి బాగుపడతాడా అనుకున్నాను.

ఆ చలికాలం ఒక ఉదయం బావగారు తనంతట తానే చెరువుకొచ్చారు. చెప్పులు విప్పి గట్టు మీద నిలబడ్డారు.

"ఏరా, బాంబు ఉందా?"

"వద్దండి బావగారూ."

"పిట్టలు నీ చేపలన్నీ మేసేస్తుంటే వద్దంటావేంట్రా? చెరువు పెట్టుకున్నవాడి మాటేనా ఇది? కౌన్సిలరమ్మకి చెప్పే వచ్చాను. దూరంగా పెట్టి కాల్చు."

వెలిగించాను. పేలింది.

ఆయన భుజాలు ఎగిరిపడ్డాయి.
కింద పడలేదు.

తన పాదాల వైపు చూసుకుంటూ అన్నారు. "గుండె దడదడలాడుతోందిరా. ఆడనీ. ఇది కొల్లేరు. నేను మీ చెరువు గట్టు మీదున్నాను."

పూర్తిగా నయమైపోయిందని చెప్పను. ఆ తర్వాత కూడా చెడ్డ రోజులుండేవి. మందులు మానలేదు. కానీ క్రిస్మస్‌కి వచ్చి చివరి బెంచీలో కూర్చునేవారు. మనవరాలికి సైకిల్ నేర్పారు. నేను వండిన చేపల పులుసులో ఉప్పెక్కువైందని తిట్టేవారు.

ఒకప్పుడు ఏం పెట్టినా రుచి తెలియని మనిషి. ఆయన తిడుతుంటే అక్కా నేనూ మొహాలు చూసుకుని నవ్వుకునేవాళ్ళం.

నాకు మాత్రం లోపల ఆ భయం పూర్తిగా పోలేదు.
నిన్న పోయింది.

ఈ రోజు ఉదయం గూడెంలో సమాధి చేశాం. వచ్చినవాళ్ళలో కొందరు, ఎలా జరిగిందని అడగలేక నా వైపు చూశారు. అందుకే ఇదంతా రాశాను.

అరవై ఒకటో ఏట, భోంచేసి, తన మంచం మీద, నిద్రలో పోయారండి. అందరూ పోయినట్టే పోయారు.
మాకు కావలసింది అదే.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే మొహమాటపడకుండా నాకు చెప్పండి. ఏలూరు దాకా తోడొస్తాను.

వెళ్ళిరండి బావగారూ. దేవుడి దగ్గర మీ ప్రాణం హాయిగా ఉండాలి.