ఇల్లందు దిక్కు నుంచి వచ్చిన మబ్బు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మబ్బులు చూడటం ఒక పనిగా ఉండేది. మిగతా పిల్లలకు ఎండాకాలమంటే మామిడికాయలు, పెళ్లిళ్లు, అమ్మమ్మగారి ఊరు. నాకు మాత్రం మా బాబాయి, ఊరి వెనక బండ, పడమటి ఆకాశం. కొత్తగూడెం దాటి భద్రాచలం పోయే దారిలో అడవిని ఆనుకుని ఉండేది మా ఊరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. సెల్‌ఫోన్లు ఇంకా మా దాకా రాలేదు.

వాన అందరికీ ఇష్టమే. బాబాయికి వానకంటే ముందు జరిగేదంతా ఇష్టం. మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఆగిపోయి చొక్కా వీపుకు అతుక్కుందంటే చాలు, సైకిలు తీసి గంట కొట్టేవాడు. నేను పరుగెత్తుకొచ్చి వెనక ఎక్కేదాన్ని. మబ్బు దూది పేర్చినట్టు లేచి, పైన కమ్మరి దాగలిలా చదునుగా పరుచుకుంటే అది గట్టి మబ్బని ఆయనే చూపించాడు. మెరుపుకూ ఉరుముకూ నడుమ అంకెలు లెక్కపెట్టడం, రేడియోలో ఏ స్టేషనూ లేని చోట ముల్లు ఆపి మెరుపులు దగ్గరపడేకొద్దీ పెరిగే బరబర చప్పుడును వినడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. వీటన్నిటికంటే నమ్మకమైనది ఇంకొకటి ఉండేది. ఇల్లందు బస్టాండు దగ్గర ఆయన స్నేహితుడికి టీకొట్టు ఉంది. మా ఊరి కిరాణా కొట్టులో రూపాయి బిళ్ల వేసే ఫోను నుంచి అతన్ని అడిగేవాళ్లం. అక్కడ దుమారం లేచిందంటే గంటన్నరకు మా దగ్గర లేచేది.

"వేరే దేంట్లోనన్న అబద్ధం ఆడుగానీ, మబ్బు కాడ ఆడొద్దు బిడ్డా. చూసింది చూసినట్టే చెప్పాలె" అనేవాడు. నాకు పన్నెండేళ్లు. ఆ మాటను నేను బడిలో పాఠాల కంటే గట్టిగా పట్టుకున్నాను.

ఆ ఏడు రెండుసార్లు నేను వానొస్తుందని చెప్పడం, కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు తడవకముందే జనం ఎత్తుకోవడం జరిగింది. అప్పటినుంచి ఆడవాళ్లు పనికి పోతూ మా గుమ్మం ముందు ఆగి, "ఏమంటున్నది మబ్బు?" అని నన్నే అడిగేవారు. అందరికంటే ఎక్కువ అడిగేది పక్కింటి అక్క. వాళ్లది కోయ కుటుంబం. చంకలో పిల్లవాడు, కొంగున నా కోసం తునికి పండ్లు, ఎప్పుడూ అలాగే గుర్తొస్తుంది నాకు. అడవిలో ఏ చెట్టు కింద నిలబడకూడదో ఆమెకు తెలుసు, మబ్బు ఎంత దూరంలో ఉందో నాకు తెలుసు. ఇద్దరం మాట్లాడుకుంటే పొద్దు తెలిసేది కాదు.

ఆ ఎండాకాలమే బాబాయికి బీడీలు చుట్టే తునికాకు కల్లంలో పని దొరికింది. అడవి నుంచి ఆడవాళ్లు తెచ్చిన ఆకు కట్టలను తీసుకుని, వరసగా ఆరబెట్టించి, లారీకెక్కించే పని. పెద్ద బాధ్యతే. బాబాయి నడక కూడా మారింది.

ఆకు కోతకు తెల్లవారుజామునే పోయి, ఎండ ముదరకముందే వచ్చేస్తారు. ఆ రోజు మాత్రం బాబాయి రెండోపూట కూడా పొమ్మన్నాడు. మర్నాడు లారీ వస్తుంది, ఆకు తక్కువ పడింది. ఆడవాళ్లు కల్లం పక్కన ఇప్పచెట్టు నీడలో కూర్చుని కదల్లేదు. ఉక్కపోత విపరీతంగా ఉంది. పక్కింటి అక్కే అంది, "పాపను ఇల్లందుకు ఫోను చేసి రానియ్. వానుందంటే మేము పోం."

బాబాయి నా చేతిలో రూపాయి పెట్టాడు.

ఫోన్లో బాబాయి స్నేహితుడి గొంతు వెనక రేకుల చప్పుడు వినిపించింది. "రాళ్లవాన పడుతున్నది బిడ్డా. మా కొట్టు రేకు లేసిపోయింది. మీ దిక్కే పోతున్నది, మీ బాబాయికి జల్దీ చెప్పు" అన్నాడు. నేను పరుగెత్తాను. ఇప్పచెట్టు ముందు నుంచే పోయాను. అక్క తలెత్తి, ఏమన్నాడని కళ్లతోనే అడిగింది. ఆగమన్నట్టు చెయ్యి ఊపాను. మబ్బు కబురు ముందు బాబాయికి చెప్పడం నాకు అలవాటు. అంత పెద్ద కబురు మొదట ఆయన చెవిన వేయడంలో ఒక గర్వం కూడా ఉంది.

బాబాయి అంతా విన్నాడు. పడమటి వైపు ఒకసారి చూశాడు. "మంచిది. నేను చెప్త వాళ్లకు. నువ్వు ఎనక బాటన ఇంటికి పో" అన్నాడు.

నేను ఇంటికి పోకుండా బండ ఎక్కాను. అక్కడి నుంచి కల్లం కనిపిస్తుంది. బాబాయి, ఇద్దరు మనుషులు కట్టల మీద టార్పాలిన్లు పరిచి, తాళ్లు బిగించి, అంచుల మీద రాళ్లు పెడుతున్నారు. చెట్టు కింద ఎవరూ లేరు. అందరూ ఇళ్లకు పోయారనుకున్నాను. నా మాట మీద ఇంత పని జరుగుతోందని పొంగిపోయాను. గాలి లేచేదాకా ఆ సంతోషంతోనే కూర్చుని, తర్వాత ఇంటికి పరుగెత్తాను.

దుమారం పట్టపగలే చీకటి చేసింది. వడగళ్లు గోలీల కంటే పెద్దవి పడ్డాయి. మెరుపుకూ ఉరుముకూ నడుమ ఒక్క అంకె కూడా లెక్కపెట్టే సందు లేదు. కొంచెం తెరిపి ఇచ్చాక వీధిలో ఏడుపులు వినిపించాయి. అడవి నుంచి ఆడవాళ్లు తలల మీద చేతులు పెట్టుకుని వస్తున్నారు. పక్కింటి అక్కను నలుగురు మోసుకొస్తున్నారు. ఆమెకు దగ్గరలో పిడుగు పడిందట. చెట్టు కొమ్మ విరిగి చెయ్యి మీద పడింది. చెవి నుంచి రక్తం కారుతోంది. జీపు మాట్లాడి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారు.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఒక పెద్దామె నన్ను చూసి ఆగింది.

"రాదని ఎట్ల చెప్పినవే పిల్లా? నువ్వు చెప్పినవని మీ బాబాయంటెనే గదా పోయినం."

వెనకే వస్తున్న బాబాయి వైపు చూశాను. ఆయన నోరు తెరిస్తే చాలు, అంతా తేలిపోతుంది. ఆయన తల దించుకుని నన్ను దాటుకుని ఇంట్లోకి పోయాడు.

సాయంత్రం పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే అడిగాను. "వస్తదనే చెప్పిన గదా బాబాయ్."

"మబ్బు పక్కకు పోతదనుకున్న" అన్నాడు.

"మరి టార్పాలిన్లు ఎందుకు కప్పినవ్?"

కడిగిన కాళ్ల మీదే మళ్లీ నీళ్లు పోసుకున్నాడు.

"నా పేరెందుకు చెప్పినవ్?"

"నేను చెప్తే నమ్మరు బిడ్డా" అన్నాడు. చెంబు బోర్లించి, "ఎవలకూ అనకు" అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో సిగ్గు ఉంది. అయినా ఆ సిగ్గు నాకు ఏమీ తిరిగి ఇవ్వలేదు. మూడేళ్లు నాతో కలిసి ఆకాశం చూసిన మనిషి, నాకున్న ఒక్క మంచిపేరును తీసుకుని ఇరవైమంది ఆడవాళ్లను పిడుగుల కిందికి పంపాడు. నాకు జ్వరం వచ్చింది. అమ్మ దిష్టి తీసింది. నేను ఎవరికీ చెప్పలేదు. బడి లేదు, బయటికి పోయే ముఖం లేదు.

పక్కింటి అక్క పన్నెండు రోజులకు వచ్చింది. చెయ్యి కట్టులో ఉంది. ఎడమ చెవి ఇక వినిపించదన్నారట. దడి అవతల నుంచి నన్ను పిలిచింది. దడి దాకా పోయాను. కుడిపక్కకు రమ్మని సైగ చేసింది.

"ఇల్లందాయన ఏమన్నడు ఆ రోజు?"

చెప్పాను. రాళ్లవాన, రేకు, టార్పాలిన్లు, అన్నీ. చెప్తూ ఏడ్చాను. ఆమె ఏడవలేదు, బాబాయిని తిట్టలేదు. నా తల మీద కట్టు లేని చెయ్యి పెట్టింది.

"నువ్వు అబద్ధం ఆడినవని నేను అనుకోలె. వానున్నా లేకున్నా నువ్వే వచ్చి చెప్పేటిదానివి, ఆ రోజు ఎందుకు రాకపోతివి? గదే సమజ్ కాలె నాకు" అంది. తర్వాత మెల్లగా, "నా ముందల్నుంచే పోయినవ్ గదా బిడ్డా. ఒక్కమాట నాకే చెప్పి పోతే అయిపోతుండె" అంది.

తప్పు పట్టినట్టు అనలేదు. అందుకే అది ఇంత లోతుగా దిగింది. అప్పటిదాకా మోసం అంతా బాబాయిదే అనుకున్నాను. మోసం ఆయనదే. కానీ ఆయనకు ఆ అవకాశం ఇచ్చిన పది అడుగులు నావి.

ఊళ్లో నిజం అక్కే చెప్పింది. మరుసటి ఏడు బాబాయికి కల్లం పని ఇవ్వలేదు. ఆయన ఒకటి రెండుసార్లు మా ఇంటి ముందు సైకిలు ఆపాడు. నేను బయటికి రాలేదు. ఇప్పుడు ఆయన ముసలివాడయ్యాడు, నన్ను పెద్దమ్మా అని పిలిచే పిల్లలు మా అత్తవారింట్లో ఉన్నారు. ఎండాకాలంలో ఫోను చేసి, అక్కడ మబ్బు పట్టిందా అని అడుగుతాడు. పట్టిందో లేదో చెప్తాను. ఆపైన ఫోను పెట్టేస్తాను.

మెట్టినింటికి కల్లూరు వచ్చాక కూడా మబ్బు చూసే అలవాటు పోలేదు. పడమట మబ్బు దాగలిలా పరుచుకున్న రోజున, మా తోటలో కూలికొచ్చిన ఆడవాళ్లకు మేస్త్రీతో కబురు పంపమని మావారు అంటారు. పంపను. ఎండలో చేను అడ్డంపడి నేనే పోతాను. కొన్నిసార్లు వాన రాదు, వాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అయినా మళ్లీ మబ్బు పడితే మళ్లీ పోతాను. ఒక్కొక్కరి ముఖం చూసి చెప్పి, అందరూ లేచి చేను దాటేదాకా అక్కడే నిలబడతాను.