ఐసుపెట్టిలో పూలపాయలు

అచ్చమ్మ మా వరసలో చివరి ఇంట్లో ఉంటుంది. మలేసియాలో బంటింగ్ ఊరి వెనక పాత పామాయిలు తోటను చదును చేసి కట్టిన వరస ఇళ్ళు ఇవి. ముందు ఒక కారు పట్టేంత సిమెంటు నేల, పక్కన మూడడుగుల మట్టి. చివరి ఇల్లు కాబట్టి అచ్చమ్మకి ఆ మట్టి ఎనిమిదడుగుల దాకా వచ్చింది. ఆమె, ఆమె చెల్లెలు పాపాయి ఆ ఇంట్లో పదకొండేళ్ళు కలిసి ఉన్నారు.

నేను ఆదివారాలు గుడి పక్క హాల్లో పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పుతాను. అందుకని ఇద్దరూ నన్ను టీచరమ్మా అనేవారు. మా తాత తోట ఆఫీసులో గుమస్తా. వాళ్ళ తాత కొబ్బరితోటలో కూలీ. ఇద్దరూ ఒకే ఓడలో వచ్చారో ఏమో తెలియదు. ఇన్నేళ్ళయినా అక్కచెల్లెళ్ళు మా గేటు దగ్గరే నిలబడి మాట్లాడేవారు. లోపలికి రమ్మంటే, పనుందని వెళ్ళిపోయేవారు.

అచ్చమ్మ బాగన్ దాతుక్ దగ్గర ఒక తోటలో ఇరవై ఏడేళ్ళు గడ్డి మందు కొట్టింది. పంపు వీపుకి తగిలించుకుని, చెట్ల మొదళ్ళ చుట్టూ మొలిచే కలుపుని మాడ్చేయడం ఆ పని. తోటల్లో అది ఆడవాళ్ళకే ఇచ్చేవారు. పంపు కారి జాకెట్టు తడిసేది. ముక్కులోంచి రక్తం వస్తే కాసేపు నీడన కూర్చుని, కొంగుతో తుడుచుకుని మళ్ళీ లేచేవారు. గోళ్ళు నల్లబడి ఊడేవి. కొన్ని మళ్ళీ వచ్చేవి, కొన్ని వచ్చేవి కావు. నలభై దాటేసరికి అచ్చమ్మకి వాసన తెలియడం పోయింది. పొయ్యి మీద కూర మాడుతుంటే పాపాయే వచ్చి చెప్పాలి.

పాపాయి ఆమె కంటే తొమ్మిదేళ్ళు చిన్నది, అక్కని అప్పా అని పిలిచేది. తల్లి పోయాక అచ్చమ్మే సాకింది. పదహారో ఏట బడి మాన్పించి, పనివాళ్ళ మీద పెత్తనం చేసే మండోర్‌ని బతిమాలి, తన మందు గుంపులోనే చేర్పించింది. కళ్ళెదుట ఉంటుందని అలా చేశానని చెప్పేది. పాపాయికి ఇరవై రెండేళ్ళప్పుడు తెలుక్ ఇంతాన్ నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల కాఫీ గ్లాసులు అందిస్తుంటే పెళ్ళికొడుకు తల్లి ఆమె వేళ్ళు చూసింది. నాలుగింటికి గోళ్ళు లేవు. ఏ రోగమనుకున్నారో, కాఫీ ముట్టకుండా లేచి వెళ్ళారు. ఆ తర్వాత పాపాయి ఇంకెవరినీ చూడటానికి రానివ్వలేదు. అచ్చమ్మ భర్త రాజన్ తోట లారీ కింద పడి పోయాడు. పిల్లలు లేరు. తోట అమ్మేశాక అక్కచెల్లెళ్ళు సామాను సర్దుకుని బంటింగ్ వచ్చేశారు.

ఇక్కడ అచ్చమ్మకి ఒక పూల గోదాంలో ఊడ్చే పని దొరికింది. విదేశాల నుంచి విమానంలో వచ్చే పూలను, దుంపలను చల్లటి గదుల్లో పెట్టి, కొండల మీది తోటలకీ హోటళ్ళకీ పంపేవారు. మనవాడే, వినోద్‌కుమార్ అని, అక్కడ సూపర్‌వైజరు. మూడేళ్ళ క్రితం అక్టోబరులో ఆ గోదాం మూతపడింది. ఆఖరి రోజున, పారేసే సామాన్ల కుప్పలో పిడికెడేసి ఉల్లిపాయలు కనబడితే అచ్చమ్మ ఒక సంచీ నింపుకొచ్చింది. ఒకటి కోసి పులుసులో వేసింది. పాపాయి ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది.

"అప్పా, ఇదేటి? ఇది ఉల్లి కాదు లా," అంది.

అచ్చమ్మ వినోద్‌కుమార్‌కి ఫోన్ చేసింది. అతను కంగారుపడి, అవి తినేవి కావని చెప్పి ఒక బొమ్మ పంపాడు. మనిషి ఛాతీ ఎత్తు కాడ, దాని కొసన తలకాయకంటే పెద్దదైన ఊదారంగు పూలబంతి. జెయింట్ అలియం అంటారట, ఉల్లి జాతిదే, పూలకోసం పెంచుతారట. ఆ సాయంత్రం అచ్చమ్మ సంచీకి కట్టిన చీటీ తెచ్చి నాకిచ్చింది, ఇంగ్లీషులో ఏం రాసుందో చదవమని. నేను గేటు దగ్గరే నిలబడి చదివి చెప్పాను. పూయాలంటే అవి పదహారు వారాలు చలిలో నిద్రపోవాలి. మన ఎండలకి ఐసుపెట్టిలో ఉంచడమే దారి. ఆ ఐసుపెట్టిలో పళ్ళు పెట్టకూడదు. పళ్ళ నుంచి వచ్చే ఆవిరికి దుంప లోపలి మొగ్గ చచ్చిపోతుంది.

ఈ ఊళ్ళో ఎవరూ మామూలు ఉల్లిపాయే పండించరు, అంతా బయటి నుంచి వచ్చేదే, ఈ శ్రమ నీకెందుకు అన్నాను. అచ్చమ్మ చీటీ మడిచి కొంగున కట్టుకుంది.

"ఇరవై ఏడేళ్ళు సంపడమే పని టీచరమ్మా. నా సేత్తో మొలిసింది ఒక్కటీ నేదు," అంది.

ఆత్రం ఆగక సగం పాయల్ని వెంటనే పాతేసింది. అది వానల కాలం. ఇసక కలిపినా మట్టి ఆరలేదు. మూడు వారాలకి పాపాయి కిటికీ దగ్గర కూర్చుని, అప్పా, నేలలో ఏదో కుళ్ళింది, ఎలక చచ్చినట్టుంది అంది. అచ్చమ్మ తవ్వి చూస్తే పాయలు వేళ్ళ మధ్య జావలా జారిపోయాయి. ఆమెకి వాసన తగల్లేదు. గిన్నెతో ఎత్తి డ్రైనులో పోసి చేతులు కడుక్కుంది.

మిగిలినవి పన్నెండు. వాటిని ఒక్కొక్కటీ న్యూస్‌పేపర్లో చుట్టి, ఐసుపెట్టి కింది అరలో పెట్టింది. పాత ఐసుపెట్టి, ఒక్కటే తలుపు. తోటలో ఉన్నప్పుడు కొన్నది. నవంబరు మొదటి సోమవారం పెట్టినట్టు గుడివాళ్ళు ఇచ్చిన క్యాలెండరు మీద గుర్తు వేసి, ప్రతి సోమవారం ఒక గీత గీసేది. రోజుకి రెండుసార్లు తెరిచి తడిమి చూసేది. చుట్టిన కాగితం చెమ్మగిల్లితే మార్చేది. పాపాయి నవ్వేది. పిల్లని చూసుకున్నట్టు చూసుకుంటోందని నాతో అంది.

పాపాయి దగ్గు అంతకు ముందు ఏడాదినుంచే ఉంది. ఆ నవంబరులో అది ముదిరింది. క్లాంగ్ పెద్దాసుపత్రిలో ఫోటోలు తీసి, ఊపిరితిత్తులు గట్టిపడి మచ్చలు కట్టాయన్నారు. మందు కొట్టడం వల్లేనా అని అచ్చమ్మ అడిగితే డాక్టరు, అయ్యుండవచ్చు, కచ్చితంగా చెప్పలేం అన్నాడట. ఊపిరి అందించే మిషను ఒకటి ఇంటికి ఇచ్చి పంపారు. పగలంతా అది గురగురమంటూ ఉండేది. పాపాయి ముక్కుకి గొట్టం పెట్టుకుని కిటికీ పక్క మంచం మీద కూర్చునేది. డిసెంబరుకి అన్నం సహించడం మానేసింది. ఏది తిన్నా, వేడి తగిలితే చాలు, దగ్గు తెర వచ్చి పెదాలు నీలంగా మారేవి. పెరట్లో బొప్పాయి చెట్టుంది. ఆ పండు ఒక్కటే గొంతు దిగేది. అదీ మధ్యాహ్నం ఎండకి వెచ్చగా ఉండేది.

తర్వాతి సంగతులు నాకు అప్పుడు తెలియవు. అచ్చమ్మ మూడు నెలల తర్వాత చెప్పింది.

జనవరిలో ఒక మధ్యాహ్నం పాపాయి గొట్టం తీసి చేతిలో పట్టుకుని అడిగింది.

"అప్పా, బొప్పాయి ముక్క ఒకటి ఐసుపెట్టిలో పెట్టవా. సల్లగా తినాలనుంది."

అచ్చమ్మ క్యాలెండరు చూసింది. పదకొండు గీతలు.

"ఇంకా ఐదు వారాలే కదే. కూసింత ఓర్సుకో. నీ మంచం ముందే పూయిస్తాను," అంది.

పాపాయి సరేనంది. అలిగేది కాదు, ఎప్పుడూ. రెండు రోజుల తర్వాత మళ్ళీ, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే ఆవిరి బయటికి రాదేమోనని మెల్లగా అంది. అచ్చమ్మకి కోపం వచ్చింది. ఇన్ని రోజుల కష్టం ఒక ముక్కతో పాడైపోతుందని కసిరింది. తడిగుడ్డలో చుట్టి గాలికి పెట్టిన ముక్కలు ఇచ్చింది. పాపాయి రెండు తిని, బాగున్నాయని చెప్పి, పక్కకి తిరిగి పడుకుంది. మూడోసారి అడగలేదు.

పదమూడో గీత గీసిన వారంలోనే, గురువారం తెల్లవారుతుండగా ఆమె పోయింది. మిషను ఆడుతూనే ఉంది. మేము వెళ్ళేసరికి అచ్చమ్మ చెల్లెలి చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో వేలూ నిమురుతూ కూర్చుని ఉంది. ఏడవలేదు. శవానికి స్నానం చేయించేటప్పుడు మాత్రం ఆ చేతులు ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు.

పదకొండో రోజు వరకూ వంట మా ఇళ్ళనుంచే వెళ్ళింది. చుట్టుపక్కల వాళ్ళు తెచ్చిన పాలూ పెరుగూ ఐసుపెట్టిలో పెట్టబోతే, అచ్చమ్మ లేచి వచ్చి అడ్డం నిలబడింది. దుఃఖంలో ఏదో అంటోందిలే అనుకున్నాం. కర్మ అయిన మర్నాడు ఆమె తలుపు తెరిచి, చుట్టిన పాయల్ని తీసి బల్ల మీద పరిచిందట. పారేద్దామనే తీసింది. ఒకదాని కొసన ముల్లు మొనలా తెల్లటి మొలక కనబడింది. చూసి మళ్ళీ చుట్టి లోపల పెట్టేసింది. పదహారో సోమవారం దాకా ఆగి, అన్నీ పాతింది.

పగలు గొనెపట్టా పందిరి వేసి, చిన్న సంచుల్లో నీళ్ళు గడ్డకట్టించి వరసగా మొక్కల మొదళ్ళలో పెట్టేది. కరిగితే మార్చేది. ఇంకో పని చేసేది కాదు. మూడు పాయలు రాలేదు. మిగతావాటికి పట్టీల్లాంటి బూడిదపచ్చ ఆకులు వచ్చి, కొసలు మాడాయి. ఏప్రిల్లో నాలుగింటికి కాడ లేచింది. మూడింటి మొగ్గలు విచ్చుకోకుండానే ఎండి కాగితంలా అయ్యాయి. ఒక్కటి పూసింది. కాడ నా మోకాలి ఎత్తు లేదు. పూలబంతి నిమ్మకాయంత. ఊదారంగు కూడా కాదు, బట్టలు ఉతికిన నీళ్ళ రంగు. వీధిలో వాళ్ళు వచ్చి చూసి, ఇంతేనా అని అనలేక, బాగుంది అన్నారు. వినోద్‌కుమార్ మోటార్‌సైకిలు మీద వచ్చి ఫోటో తీసుకున్నాడు. ఈ ఎండల్లో ఇది రావడమే గొప్ప, కొండల మీద కూడా అందరికీ రాదు అన్నాడు. అచ్చమ్మ తల ఊపింది. నాలుగు రోజులకి అది వాలిపోయింది.

ఐదో రోజు సాయంత్రం నేను వెళ్ళాను. ఆమె మట్టిలో కూర్చుని ఆ కాడని చేత్తో పట్టుకుని ఉంది. చెల్లెలుంటే సంతోషించేది అని, అందరూ అనే మాటే అన్నాను. అప్పుడు చెప్పింది అంతా, బొప్పాయి ముక్క సంగతి మొదలుపెట్టి. తల ఎత్తకుండా, ఏదో పక్కింటి కథలా చెప్పుకుంటూ పోయింది. మా ఇంట్లో రెండు తలుపుల ఐసుపెట్టి ఉంది. సగం ఖాళీ.

"నన్ను అడగొచ్చు కదా అచ్చమ్మా. మా ఇంట్లో పెట్టేదాన్ని కదా," అన్నాను.

ఆమె నా మొహం చూసింది.

"వచ్చినాను టీచరమ్మా. డబ్బా పట్టుకొని మీ గేటు కాడికి. మీరు ఫోన్లో మాట్లాడతన్నారు. సెయ్యి ఊపినారు, తరవాత రమ్మని. కాసేపు నిలబడి ఎల్లిపోనాను. మళ్ళీ రావడానికి సిగ్గేసినాది."

నాకు గుర్తు లేదు. ఆ రోజు ఏదని ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. గేటు దగ్గర ఎవరైనా నిలబడితే చెయ్యి ఊపడం నాకు అలవాటే. క్షమించమని అడగబోయాను. ఆమె ఆపేసింది.

"మీదేటి నేదు. మందు గుంపులో సేర్పించింది నేను. సల్లటి ముక్క పెట్టనేనిదీ నేను. రెండూ నాయే," అంది.

నేను కాదనలేదు. కాదంటే ఆమె ఊరుకునేది, కానీ నమ్మేది కాదు. చీకటి పడేదాకా పక్కనే కూర్చున్నాను, అంతే.

తర్వాతి వారం ఆ పాయలన్నీ తవ్వి తీసేసింది. వినోద్‌కుమార్ అడిగితే వాటిని అతనికే ఇచ్చింది. ఆ మట్టిలో పక్కింటి వసంతి, వంటల్లో సువాసనకి ఆకులు వేసే పాండన్ మొక్కలు పెట్టుకుంటానంటే పెట్టుకోమంది. నీళ్ళు పోయడం కూడా వసంతిదే.

ఇప్పుడు రెండు వారాలకోసారి మంగళవారం నేను ఆమెని కారులో క్లాంగ్ తీసుకెళ్తున్నాను. ఆమె ఫోటోల్లోనూ మచ్చలు కనబడ్డాయి. డాక్టరు చెప్పేది మలయ్‌లో వింటుంది, నన్ను తెలుగులో చెప్పమని అడగదు. మొన్న మంగళవారం ఆసుపత్రి మేడ మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుంది. తిరిగి వస్తుంటే మార్కెట్ దగ్గర కారు ఆపమంది. తనే దిగి, ఒక్కదానికి సరిపడా రెండు చిన్న చేపలు కొనుక్కుని వచ్చి, కిటికీ అద్దం దించమని చెప్పి కళ్ళు మూసుకుంది.